కొబ్బరిచెట్లు ఇక్కడ లేవా అంటున్నారు నాన్న

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి కొబ్బరితోట ఉంది. నేను కాకినాడలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. ఫిబ్రవరిలో నా పెళ్లి. పెద్దలు కుదిర్చిన సంబంధం. అబ్బాయిది పాలకొల్లు, ఉద్యోగం హైదరాబాదులో. నిశ్చితార్థం అయ్యాక ఫోన్లో మాట్లాడుకోవడమే తప్ప ఇద్దరం కలిసి గట్టిగా రెండు పూటలు గడిపింది లేదు. హనీమూన్‌కి మాల్దీవులు వెళ్దాం, నీళ్ల మీద కట్టిన గదిలో నాలుగు రాత్రులు ఉందాం అంటున్నారు ఆయన. మూడు లక్షలు అవుతుందట. పర్సనల్ లోన్ తీసుకుని నెలనెలా కట్టుకుందాం అంటున్నారు. ఈ మాట విని మా నాన్నగారు ‘లాంఛనాలతో పాటు అదీ నేనే ఇచ్చేస్తాను’ అన్నారు. పెళ్లి ఖర్చులకే ఆయన అప్పు చేస్తున్న సంగతి నాకు తెలుసు. మళ్లీ ఆయనే ‘కొబ్బరిచెట్లు, నీళ్లు ఇక్కడ లేవా? దిండి వెళ్లి రెండ్రోజులు ఉండి రండి’ అంటారు. కాబోయే అత్తయ్యగారేమో ‘మా అమ్మాయి వాళ్లు కూడా ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు, అందరూ కలిసి వెళితే ఖర్చు కలిసొస్తుంది’ అన్నారు. మా బాబాయి మారిషస్ అంటున్నాడు. స్నేహితురాలు అండమాన్ అంటోంది. నాకు పాస్‌పోర్టు లేదు. ఈత రాదు. నరసాపురం రేవులో పంటు ఎక్కితేనే తల తిరుగుతుంది. పైగా ఆ తేదీలకి నెలసరి వస్తుందేమోనని టెన్షన్. ఇవన్నీ చెబితే ఆయన ఉత్సాహం చల్లారిపోతుందని ఊరుకుంటున్నాను. సముద్రం నీలంగా ఉండే చోటు ఒక్కసారైనా చూడాలని మాత్రం నాకూ ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. అండమాన్ వెళ్లండి. పెళ్లయిన మూడో రోజున కాదు, పదహారు రోజుల పండగ కూడా అయిపోయాక. ఆరు రాత్రులకి. అప్పు లేకుండా, నాన్నగారి డబ్బు లేకుండా, ఆడపడుచు కుటుంబం లేకుండా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మాల్దీవులు కాదు, ‘ఊరుకుంటున్నాను’ అన్నది. మీరిద్దరూ కలిసి రెండు పూటలు కూడా గడపలేదు. అలాంటి ఇద్దరికి ఈ ప్రయాణం దేనికి? పెళ్లి హడావుడి, చుట్టాలు, వంటవాళ్లు, ఫొటోలవాళ్లు అందరూ వెళ్లిపోయాక మొదటిసారి ఒకరి పక్కన ఒకరు తీరిగ్గా కూర్చోవడానికి. ఇంకే పనీ లేక, ఎవరూ తలుపు తట్టక, మాట్లాడుకోవడానికి. చిన్న దీవిలో ఉన్న సుఖం అదే. అటూ ఇటూ తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఎవరూ ఊడిపడరు. కాబట్టి మీ డబ్బుకి ఖాళీ సమయం ఎక్కడ ఎక్కువ దొరుకుతుందో చూసుకోండి. గది నీళ్ల మీద ఉందా, ఇసుక మీద ఉందా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ లెక్కన నాన్నగారి దిండి సలహాని పక్కన పెట్టాల్సి వస్తోంది. దిండి బాగోదని కాదు. వశిష్ఠ ఒడ్డు, హౌస్‌బోటు, పొద్దు వాలే వేళ ఆ నీళ్లు, నాకూ ఇష్టమే. కానీ మ్యాపు చూడండి. చించినాడ వంతెన దాటితే కాసేపట్లో పాలకొల్లు. ఇటు మీ ఊరూ అంతకంటే పెద్ద దూరమేం కాదు. మీరు పొద్దున దిండిలో దిగితే మధ్యాహ్నానికి మీ మేనత్త పనసపొట్టు కూర క్యారేజీతో దిగుతుంది. సాయంత్రం వాళ్ల మేనమామ ‘ఇటు పనుండి వచ్చాం’ అంటూ వస్తాడు. రాకపోతే వాళ్లకి నిద్రపట్టదు. దిండి మొదటి పెళ్లిరోజుకి ఉంచుకోండి.

నాన్నగారి ఇంకో మాట, కొబ్బరిచెట్లు ఇక్కడ లేవా అన్నది. చెట్ల వరకు నిజమే. మాల్దీవుల్లో కొబ్బరిచెట్టు కింద ఊయల చూసి లక్షలు పోయాల్సిన అవసరం కోనసీమ పిల్లకి లేదు. అక్కడివాళ్ల పొద్దుటి టిఫిన్ మాస్ హునిలో కూడా ఉండేది తురిమిన కొబ్బరే, ట్యూనా చేప, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి రొట్టెతో తింటారు. తేడా చెట్టులో లేదు, నీటిలో ఉంది. గౌతమి, వశిష్ఠ మోసుకొచ్చే ఒండ్రుమట్టే మన నేల. ఆ మట్టే సముద్రంలోకీ పోతుంది. అందుకే ఓడలరేవు దగ్గరా, అంతర్వేది దగ్గరా నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. పగడపు దిబ్బలు పెరగాలంటే నీరు తేటగా, ఉప్పగా, వెచ్చగా ఉండాలి, ఎండ అడుగుదాకా దిగాలి. పెద్ద నది కలిసే చోట అది కుదరదు. మాల్దీవుల్లో నదులే లేవు, ఆ దీవులే పగడాల మీద పేరుకున్నవి. అండమాన్‌లో కొండలూ అడవులూ ఉన్నా గోదావరి అంత నది ఒక్కటీ లేదు. అక్కడి తెల్లటి ఇసుకలో చాలా భాగం పగడాల పొడీ, గవ్వల పొడీనే. నీలం నీళ్లు చూడాలన్న మీ కోరిక అనవసరపు మోజు కాదని నాన్నగారికి ఇలా చెప్పొచ్చు. ఆయన ఆరెకరాలో పదెకరాలో కొబ్బరి పండించగలిగేది ఏ మట్టి వల్లనో, ఆ మట్టి వల్లే మనకి నీలం సముద్రం లేదు.

ఇక మాల్దీవులు. అది అందమైన చోటు. మీవారు కోరుకున్నందులో తప్పేం లేదు. అప్పు దగ్గరే నాకు అభ్యంతరం. మూడు లక్షలు, ఏడాదికి 16 శాతం వడ్డీ, 24 నెలలు అనుకుంటే నెలకి సుమారు 14,700 రూపాయలు కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 52 వేలు దాటుతుంది. నాలుగు రాత్రుల కోసం రెండేళ్ల వాయిదాలు. ఈ రెండేళ్లలోనే హైదరాబాదులో అద్దె అడ్వాన్సు, ఫ్రిజ్, మంచం అన్నీ కొనాలి. కొత్త కాపురంలో మొదటి గొడవలు ప్రేమ తక్కువై రావు, ఇరవయ్యో తారీఖుకి డబ్బులు అయిపోయి వస్తాయి.

పైగా ఆయన చెప్పిన మూడు లక్షల్లో ఏమేం ఉన్నాయో అడగండి. చాలా ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉండేది గది అద్దె మాత్రమే. మాలే విమానాశ్రయం నుంచి రిసార్టు దీవికి తీసుకెళ్లే స్పీడ్‌బోటు లేదా సీప్లేన్ ఛార్జీ తలకి ఇంత అని విడిగా ఉంటుంది. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగిందంటే ఆ రాత్రి మాలే దగ్గర ఇంకో హోటల్లో పడుకోవాలి. పన్నులు, సర్వీస్ ఛార్జి బిల్లులో పైన వేస్తారు. భోజనం ఒక పూటా, రెండు పూటలా, అన్నీ కలిపా అన్నది ముందే తేల్చుకోకపోతే అక్కడ మంచినీళ్ల సీసా కూడా రిసార్టు ధరకే కొనాలి, పక్కవీధి కొట్టు ఉండదు. ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని, ముందస్తు ఆదాయపు పన్నుగా ఇంకొంత కట్టించుకుంటారు. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుందిలెండి, కానీ ముందు చేతిలోంచి పోతుంది. మామూలు జనం ఉండే మాఫుషి లాంటి దీవుల్లో గెస్ట్‌హౌసులు చవకే, అయితే నీళ్ల మీద గది అక్కడ ఉండదు, ఆయన ముచ్చట తీరదు. పాస్‌పోర్టు మాత్రం ఎలాగూ తీసుకోండి. మామూలు దరఖాస్తు రుసుము 1,500 రూపాయలు. పెళ్లికి ముందే దరఖాస్తు పెట్టేయండి. ఇద్దరూ సంపాదిస్తున్నారు. ఆ 14,700లో సగం నెలనెలా వేరే ఖాతాలో వేసుకుంటూ పోతే కొన్నేళ్లకి మాల్దీవులు అప్పు లేకుండానే వస్తాయి. సముద్రం ఎక్కడికీ పోదు.

నాన్నగారి డబ్బు గురించి ఒక్కమాటలో చెప్పాలంటే, వద్దు. ‘మా ఇద్దరి జీతాల్లోంచి వెళ్తాం నాన్నా’ అని మీరే చెప్పండి. ఒకసారి లాంఛనాల చీటీలో హనీమూన్ చేరిందంటే మీ చెల్లెలి పెళ్లికో, పక్కింటి అమ్మాయి పెళ్లికో అది ఆనవాయితీ అయిపోతుంది. మన జిల్లాల్లో లాంఛనాలు పెరిగినంత వేగంగా గోదావరి వరద కూడా పెరగదు.

మీ బాబాయి చెప్పిన మారిషస్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. 19వ శతాబ్దంలో మీ ఎదురుగా ఉన్న కోరంగి రేవు నుంచే మన వాళ్లు చెరకు తోటల్లో కూలిపనికి ఓడలెక్కి వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లకి చాలాకాలం కోరంగివాళ్లనే పేరు ఉండేది. ఇప్పటికీ ఆ దేశంలో ఉగాదికి సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. వెళ్లాల్సిన దేశమే, కానీ ఫిబ్రవరిలో కాదు. భూమధ్యరేఖకి అటువైపు కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా వాళ్లకి వానలు, తుపాన్ల కాలం. ఇక లక్షద్వీప్ మనదే అయినా ముందస్తు అనుమతి పత్రం కావాలి, గదులు తక్కువ. పెళ్లిపనుల మధ్య ఆ కాగితాల వెంట తిరగలేరు.

అండమాన్‌కి ఫిబ్రవరి మంచి నెల. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, వాన తక్కువ. ‘ఇప్పుడెందుకు, ఆషాఢంలో వెళ్లండి, అత్తాకోడళ్లు ఎలాగూ ఒకచోట ఉండకూడదు కదా’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. వినకండి. ఆషాఢం అంటే జూన్, జూలై. నైరుతి గాలులకి అక్కడ సముద్రం పోటెత్తి ఉంటుంది, పడవలు రద్దవుతాయి. అలాగని కార్తీకానికి వాయిదా వేసినా బంగాళాఖాతం నవంబరులో ఏం చేస్తుందో మీ నాన్నగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తోటల్ని ఆయన తరంవాళ్లు మరిచిపోలేదు.

రాజమండ్రిలో సాయంత్రం విమానం ఎక్కి హైదరాబాదు చేరండి, ఆ రాత్రి ఆయన గదిలోనే ఉండండి. మరునాడు పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ విమానం. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని మార్చారు, టికెట్ల దగ్గర రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారుపడకండి. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కదా అని ఎవరైనా ఊరిస్తే, ఆ ప్రయాణమే రెండు రోజులు దాటుతుందని గుర్తుంచుకోండి. పంటుకే తల తిరిగే మనిషికి అది శిక్ష.

ఆ తల తిరుగుడు వల్లే మీకు మామూలు ప్యాకేజీ పనికిరాదు. ఏజెంట్లు ఇచ్చే కాగితంలో రోజుకో దీవి ఉంటుంది. పొద్దున పడవ, మధ్యాహ్నం పడవ, బారాటాంగ్ గుహల కోసం తెల్లవారకముందే లేచి కారు. బారాటాంగ్ వద్దనడానికి నాకు ఇంకో కారణమూ ఉంది. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. వాళ్లని చూడ్డానికి వెళ్లే జనంలో మీరూ ఇద్దరు కావద్దు. ఫొటో తీయడమూ, ఆగి పలకరించడమూ నేరం. మీరు ఒక్క దీవే పెట్టుకోండి. మొదటి రాత్రి శ్రీ విజయ పురం. మరునాడు స్వరాజ్ ద్వీప్, అక్కడే నాలుగు రాత్రులు. తిరిగొచ్చి చివరి రాత్రి మళ్లీ శ్రీ విజయ పురంలో. అంటే దీవుల మధ్య మొత్తం రెండే పడవ ప్రయాణాలు. విమానం ఎక్కే రోజున దీవి నుంచి బయల్దేరే పని పెట్టుకోవద్దు. గాలి మారి పడవ రద్దయితే టికెట్ డబ్బులు నీళ్లలో పోసినట్టే. సెల్యులార్ జైలు చివరి సాయంత్రం చూడండి. 1906లో పూర్తయినప్పుడు ఏడు భాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. రెండు గంటలు చాలు, కానీ చూడకుండా రావద్దు.

పడవ రకాన్ని బట్టి స్వరాజ్ ద్వీప్‌కి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. కింది అంతస్తులో మధ్యగా ఉండే సీట్లు అడగండి, ఊపు తక్కువ తెలుస్తుంది. ఖాళీ కడుపుతో వద్దు, పూరీలతోనూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. ఫోన్ చూడకుండా కిటికీలోంచి దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతనే చూస్తూ ఉండండి. వాంతులు రాకుండా మాత్ర వాంతి వచ్చాక వేసుకుంటే లాభం లేదు, పడవ ఎక్కే ముందే పడాలి. ఏది మీకు సరిపోతుందో డాక్టరునే అడగండి, వాటిల్లో కొన్ని బాగా మత్తుగా నిద్ర పట్టిస్తాయి.

స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్‌కి 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. సాయంత్రం అక్కడికి వెళ్లేటప్పుడు మన ఊరి లెక్క పెట్టుకోకండి. దేశం మొత్తానికి గడియారం కట్టిన రేఖాంశం మీ కాకినాడ పక్కగా పోతుంది, అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకని అక్కడ పొద్దు సుమారు నలభై నిమిషాలు ముందే వాలుతుంది. ఫిబ్రవరిలో ఐదున్నర దాటితే సూర్యుడు ఉండడు. భోజనం చేసి కునుకు తీసి ఐదుకి బయల్దేరితే చీకటే చూస్తారు. నాలుగింటికల్లా ఇసుకలో ఉండండి. భోజనాల సంగతికొస్తే దిగులు అక్కర్లేదు. చేపలు దండిగా దొరుకుతాయి, శ్రీ విజయ పురంలో తెలుగువాళ్లు చాలామందే స్థిరపడ్డారు, బజారులో ఎవరో ఒకరు తెలుగులోనే బేరమాడతారు.

మీకు ఈత రాకపోవడం ఇక్కడ అడ్డేమీ కాదు. గాలి నింపిన ట్యూబు పట్టుకుని, మనిషి తోడుగా ఉండి, ముఖం మాత్రం నీళ్లలో పెట్టి పగడాలు చూసే స్నార్కెలింగ్ ఎలిఫెంట్ బీచ్ దగ్గర చేయిస్తారు. గాలి సిలిండరుతో నీటి అడుగుకి దిగే స్కూబా కూడా ఈత రానివాళ్ల చేత శిక్షకుడు పక్కనే ఉండి చేయిస్తాడు. అయితే ఆస్తమా, చెవి జబ్బు, గర్భం ఉంటే చేయకూడదు. ఫారం మీద అడిగినవాటికి నిజమే రాయండి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఉంటే మంచిది, అందుకే అది ముందు రోజుల్లోనే పెట్టుకోండి. పగడాన్ని ముట్టుకోవద్దు, తొక్కొద్దు. గుర్తుగా ముక్క తెచ్చుకుంటే విమానాశ్రయంలో పట్టుకుంటారు, వన్యప్రాణి చట్టం కింద కేసు.

నా భయం మీ గురించి కాదు, ఆయన గురించి. పాలకొల్లు కుర్రాడంటే చిన్నప్పుడు కాలువలో ఈదే ఉంటాడు, ఆ ధీమాతో దూకేస్తాడు. కాలువలో నీరు ఒకవైపే పోతుంది, గట్టు చేతికందే దూరంలో ఉంటుంది. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారులుంటాయి. అక్కడ అల విరగదు, పైకి నున్నగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తుంది, అదే ప్రశాంతంగా ఉందని జనం అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదుతూ బయటపడాలి. లైఫ్‌గార్డు ఉన్న చోటే దిగమనండి. ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు. అక్కడ అవి నిజంగానే ఉన్నాయి. బీరు తాగాక నీళ్లలోకి వెళ్లకూడదన్న నియమం ఇద్దరూ ముందే పెట్టుకోండి.

ఇప్పుడు మీరు సిగ్గుపడుతూ అడిగినది. ముహూర్తానికి కనీసం రెండు నెలల ముందు ఒక గైనకాలజిస్టుని కలవండి. అమలాపురంలో చుట్టాలు చూస్తారనిపిస్తే కాకినాడలోనే చూపించుకోండి. నెలసరి వాయిదా వేసే మాత్రలు సాధారణంగా రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెడతారు, ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. రక్తం గడ్డకట్టే సమస్య, కాలేయ జబ్బు లాంటివి ఉన్నవాళ్లకి అవి మంచివి కావు. ఇంకో సంగతి, ఆ మాత్రలు గర్భం రాకుండా ఆపవు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఆ మాట పెళ్లికి ముందే ఇద్దరూ అనుకుని, ఏం వాడాలో అదే డాక్టరుని అడగండి. నెలసరి ఆ రోజుల్లోనే వచ్చేసినా కొంపేం మునగదు. పెళ్లి తేదీకీ ప్రయాణానికీ మధ్య రెండు మూడు వారాలు వదలమన్నది ఇందుకు కూడా, తేదీలు సర్దుకోవచ్చు.

కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలకి మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ రావడం మామూలే, దీని గురించి మన ఇళ్లల్లో ఎవరూ చెప్పరు. నీళ్లు బాగా తాగండి, కలయిక తర్వాత మూత్రవిసర్జన చేయండి, ఆపుకోకండి. మంట, జ్వరం, నడుంనొప్పి వస్తే తగ్గుతుందిలే అని చూడొద్దు, దీవిలో ఆసుపత్రి ఉంది, వెళ్లండి. అలాగే అలసిపోయి ఉన్న ఇద్దరు మనుషుల మధ్య మొదటి రాత్రే అన్నీ జరిగి తీరాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆయనకీ ఇంతే టెన్షన్ ఉంటుంది. నాలుగు రాత్రులు ఒకేచోట ఉండమన్నాను కదా, తొందర లేకుండా ఉండడానికే.

అత్తయ్యగారి మాటకి జవాబు మీరు చెప్పకండి. మీరు కాదంటే ‘ఇంకా గడప తొక్కలేదు, అప్పుడే ఆడపడుచుని వద్దంటోంది’ అవుతుంది. అది ఆయన చెప్పాల్సిన మాట, అదీ ఫోన్లో కాదు, ఇంటికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ‘అమ్మా, ఇది మేమిద్దరం వెళ్తాం. వేసవి సెలవుల్లో అక్కావాళ్లతో కలిసి అందరం అరకు వెళ్దాం, గదులు నేను బుక్ చేస్తాను’ అంటే చాలు. వేసవి మాట ఊరికే అనకుండా నిజంగా చేయాలి. మీ వదినగారికి కూడా ఈ ప్రయాణం మీద నిజంగా అంత ఆశ ఉందో లేదో నాకు అనుమానమే. చాలాసార్లు ఇలాంటి ఆలోచన అత్తగారిదే అయి ఉంటుంది, పాపం కూతురికి కబురు కూడా తెలియదు.

ఇక ఆయనతో మీ మాట. ‘మాల్దీవులు వద్దు’ అని మొదలుపెట్టకండి. ‘అక్కడ మీకు బాగా నచ్చినదేంటి?’ అని అడగండి. నీళ్ల మీద గది అంటారా, మనిద్దరమే ఉంటాం అంటారా, స్నేహితులకి ఫొటోలు పంపాలంటారా? మొదటిదైతే కొన్నేళ్లకి వాయిదా వేయొచ్చు. రెండోదైతే స్వరాజ్ ద్వీప్‌లో దొరుకుతుంది. మూడోదైతే నవ్వి ఊరుకోండి, రాధానగర్‌లోనూ ఫొటోలు బాగానే వస్తాయి. ఆ తర్వాత మీ సంగతులు చెప్పండి. నాన్నగారి అప్పు, పడవలో తల తిరగడం, ఈత రాకపోవడం, నెలసరి భయం, నాలుగూ. ఇవి వినగానే ఉత్సాహం చల్లారిపోయే మనిషైతే ఆ సంగతి సముద్రం మధ్యలో తెలియడం కంటే ఇప్పుడే ఫోన్లో తెలియడం నయం. చల్లారదనే నా నమ్మకం. చాలామంది అబ్బాయిలు అమ్మాయి ఏదో ఆశిస్తోందనుకుని అప్పు చేయడానికి సిద్ధపడతారు, అడిగితే వాళ్లకీ హాయిగా ఉంటుంది. నా అంచనాలో ఇద్దరికీ కలిపి అండమాన్ లక్ష నుంచి లక్షన్నరలో అవుతుంది. అదీ విమానం టికెట్లు ముందే కొంటేనే, పెళ్లిళ్ల సీజనులో ఆలస్యమైతే ఆ ఒక్కటే లెక్క తప్పిస్తుంది.

టికెట్లు ఆధార్‌లో ఉన్న పేరుతోనే తీయించండి. కొత్త ఇంటిపేరు మీద ముచ్చటతో ఆయన అలా బుక్ చేశారంటే విమానాశ్రయంలో ఆపేస్తారు. నగలన్నీ అమ్మ దగ్గర పెట్టి వెళ్లండి, నల్లపూసలు చాలు. నీళ్లలో వేళ్లు ముడుచుకుని ఉంగరాలు జారిపోతాయి, కాబట్టి నిశ్చితార్థపు ఉంగరం కూడా గదిలో లాకరులోనే. నీళ్లలో దిగడానికి కాటన్ చుడీదార్ పనికిరాదు, తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. నిండు చేతుల లైక్రా టాపు, మోకాళ్ల కింద దాకా వచ్చే లెగ్గింగ్ కాకినాడలోనే దొరుకుతాయి, రెండు జతలు కొనుక్కోండి. ఒకటి ఆరేలోపు రెండోది వేసుకోవచ్చు.